స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థ : తెలుగు పరిశోధకునకు ప్రవేశిక

పరిశోధకునకు పాఠమెంత ముఖ్యమో, ఆ పాఠమును చదువనిచ్చు సాధనమును అంత ముఖ్యము. తాళపత్రముల కాలమున ఈ రెండింటికిని ఎడము లేదు. లిపి నెఱిగినవాడు కట్టు విప్పి ఆకులు త్రిప్పి చదువుకొనెడివాడు. అచ్చుపుస్తకము విషయమును అంతియే. కంప్యూటరు వచ్చిన పిదప ఈ స్థితి మాఱినది. ఇప్పుడు పాఠమొకచోటను, దానిని కంటికి చూపు సాధనము మఱొకచోటను ఉన్నవి. సాధనము చేజాఱినచో పాఠమున్నను లేనిదే యగును.

ఈ మాట మేము స్వానుభవమును బట్టి వ్రాయుచున్నాము. సుమారు ఇరువది యేండ్ల క్రిందట మా సిద్ధాంతవ్యాసమును అప్పటి ఆచారము ననుసరించి ఒక డి.టి.పి. కేంద్రమున టైపు చేయించితిమి. ముద్రిత ప్రతులు గ్రంథాలయమున భద్రముగా నున్నవి. అనుబంధముగా కూర్చిన పదసూచి మాత్రము విస్తరమగుటచే దానిని ముద్రింపక సి.డి.లో నిలిపితిమి. ఇటీవల ఒక విద్యార్థి ఆ సూచిని కోరగా తీసి చూచితిమి. సి.డి. చెడలేదు, ఫైలును చెడలేదు. కాని తెఱమీద తెలుగక్షరమొక్కటియు లేదు. ఇంగ్లీషు అక్షరములును విరామచిహ్నములును కలగాపులగముగా వరుసలు తీరి కనబడినవి. వానిని తెలుగుగా చూపిన ఫాంటు నాటి యంత్రముతోడనే పోయినది. ఆ ఫాంటును నడిపిన సాఫ్ట్‌వేరు నేటి యంత్రములపై నడువదు. దాని లోపలి యేర్పాటెట్టిదో చెప్పగలవారు మాకు దొరకలేదు.

ఆ సూచిని తిరిగి సంపాదించుటకై మేము చేసిన ప్రయత్నమే స్వేచ్ఛా నిర్వహణ వ్యవస్థను నేర్చుకొనుటకు హేతువైనది. సాంకేతిక శిక్షణ లేని తెలుగు అధ్యాపకుడు గాని, పరిశోధక విద్యార్థి గాని ఈ వ్యవస్థలో ఎట్లు ప్రవేశింపవలెనో, ప్రవేశించినందువలన భాషాపరిశోధనకు కలుగు ప్రయోజనమేమో చెప్పుట ఈ వ్యాసోద్దేశము. ఖర్చు తగ్గుట యొక ప్రయోజనమే గాని ముఖ్యమైనది కాదు. పాఠమును దాచు విధానమును, చూపు విధానమును తెఱచి చూచు అధికారము పరిశోధకునకు దక్కుట ముఖ్యము. తక్కినవన్నియు దానివెంట వచ్చునవే.

నిర్వహణ వ్యవస్థ యననేమి

వ్యవహారమున ఆపరేటింగ్ సిస్టమ్ అని పిలువబడునదియే నిర్వహణ వ్యవస్థ. మీట నొక్కినపుడు ఏ అక్షరము పుట్టవలెనో, అది డిస్కుమీద ఏ తావున నిలువవలెనో, తెఱమీద ఏ రూపమున కనబడవలెనో, ప్రింటరునకు ఎట్లు చేరవలెనో నడిపించునది ఇది. దీని నడుమనుండి యంత్రభాగములతో నేరుగా వ్యవహరించు భాగమును కెర్నెల్ అందురు. దానిచుట్టును ఫైళ్ళను నకలు చేయునవి, వెదకునవి, వరుసపఱచునవి, కిటికీల రూపమున తెఱపై చూపునవి యగు పెక్కు ప్రోగ్రాములుండును.

మనుష్యుడు వ్రాసినట్టి ఆజ్ఞల రూపమునకు మూలసంకేతమని పేరు. దీనినే సోర్స్ కోడ్ అందురు. యంత్రము నడుపుటకు వీలుగా మార్చిన రూపము మనుష్యునకు చదువ సులభము కాదు. అమ్మకమునకు వచ్చు వ్యవస్థలు పెక్కు ఈ రెండవ రూపమును మాత్రమే కొనుగోలుదారున కిచ్చును. మూలసంకేతము అమ్మినవారియొద్దనే యుండును. స్వేచ్ఛా వ్యవస్థలో రెండు రూపములును అందఱకు అందును.

స్వేచ్ఛయు ఉచితమును

ఇంగ్లీషున ‘ఫ్రీ’ అను నొక్క మాటయే స్వేచ్ఛకును, వెలలేమికిని చెల్లుటచేత ఆ భాషలో ఈ విషయమును గుఱించి ఎడతెగని వివరణము అవసరమైనది. తెలుగున ఆ చిక్కు లేదు. సంస్కృతమున తగినదను అర్థము గల ‘ఉచితము’ తెలుగున వెలలేనిదను అర్థమున స్థిరపడినది. స్వేచ్ఛ వేఱు, ఉచితము వేఱు. ఉచితముగా లభించు సాఫ్ట్‌వేరంతయు స్వేచ్ఛగలది కాదు. మనము రుసుము చెల్లింపకుండ వాడుకొను ప్రోగ్రాములు పెక్కింటి మూలసంకేతము మనకందదు.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరునకు నాలుగు స్వేచ్ఛలు లక్షణములుగా చెప్పబడినవి. ఏ ప్రయోజనమునకైనను నడుపుకొనుట మొదటిది. మూలసంకేతమును పరిశీలించి తనకు వలసినట్లు మార్చుకొనుట రెండవది. ప్రతులను ఇతరులకు పంచుట మూడవది. తాను మార్చిన ప్రతిని పంచుట నాలుగవది. ఓపెన్ సోర్స్ అను పేరు 1998లో వాడుకలోనికి వచ్చినది. ఆ పేరు వాడువారు పని సౌకర్యమునకును, స్వేచ్ఛ యను పేరు వాడువారు హక్కునకును ప్రాధాన్యము నిత్తురు. ఆచరణమున ఈ రెండు పేర్లును చాలవఱకు ఒకే సాఫ్ట్‌వేరునకు వర్తించును.

పుట్టుక

1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ అను వ్యవస్థ నారంభించిరి. చిన్న చిన్న పనిముట్లను ఒకదానితో నొకటి జోడించి పెద్ద పనిని సాధించుట దాని పద్ధతి. రానురాను దానిపై లైసెన్సు నిర్బంధములు హెచ్చినవి. 1983 సెప్టెంబరులో రిచర్డ్ స్టాల్మన్ యూనిక్స్‌ను పోలినదియు పూర్తిగా స్వేచ్ఛ గలదియు నగు వ్యవస్థను నిర్మింతునని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టెను. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఏర్పడినది. 1989లో గ్నూ సాధారణ ప్రజా లైసెన్సు వెలువడినది. ఈ లైసెన్సు నియమము గమనింపదగినది. ప్రతిని మార్చి పంచువాడు ఆ మార్పుల మూలసంకేతమును గూడ అదే స్వేచ్ఛతో అందింపవలెను. తనకు లభించిన హక్కును తన తరువాతివానికి అడ్డగింపరాదు.

గ్నూ పరికరములు సిద్ధమైనను దానికి కెర్నెల్ కొఱత యుండెను. 1991 ఆగస్టు 25న ఫిన్లాండులోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి, అప్పటికి ఇరువదియొక్క యేండ్లవాడు, లినస్ టోర్వాల్డ్స్ తాను ఒక వ్యవస్థను వ్రాయుచున్నానని ప్రకటించెను. అదియే లినక్స్ కెర్నెల్. 1992లో అది గ్నూ లైసెన్సు క్రిందికి వచ్చినది. గ్నూ పరికరములును లినక్స్ కెర్నెలును కలిసినదే నేడు లినక్స్ అని సంగ్రహముగా వ్యవహరింపబడు వ్యవస్థ. గ్నూ పేరును గూడ చేర్చి చెప్పుట న్యాయమని కొందఱి మతము.

ఇది ఏదో మారుమూల విద్య యని పాఠకులు తలంపరాదు. ఆండ్రాయిడ్ ఫోనులన్నింట నుండునది లినక్స్ కెర్నెలే. లోకమునందలి అయిదువందల మహాశక్తి కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నుండి అన్నియు లినక్స్ మీదనే నడుచుచున్నవి.

ప్రతుల పరంపర

లినక్స్‌ను తొలిసారి చేపట్టువారికి కలుగు మొదటి సందేహము, ఇన్ని పేర్లలో దేనిని గ్రహింపవలెనని. కెర్నెల్, పరికరములు, తెఱ యేర్పాటు, ఫాంట్లు మొదలగువానిని కూర్చి స్థాపించుటకు సిద్ధముగా నిచ్చు కూర్పును డిస్ట్రిబ్యూషన్ అందురు. ప్రతుల పరంపర నెఱిగిన తెలుగు పరిశోధకునకు ఇది క్రొత్త విషయము కాదు. 1993లో ఇయాన్ మర్డాక్ ఆరంభించిన డెబియన్ ఒక మాతృక. దానినుండి 2004లో ఉబుంటు వెలువడినది. ఉబుంటు నాధారము చేసికొని లినక్స్ మింట్ వచ్చినది. మన దేశమున సి-డాక్ సంస్థ 2007లో విడుదల చేసిన బాస్ యను వ్యవస్థయు డెబియన్ శాఖలోనిదే. ఫెడోరా వేఱొక శాఖకు చెందినది. లేఖకుడు తన ప్రతిలో చేసిన మార్పులను చెప్పకపోవుటచే పరిష్కర్తకు కలుగు శ్రమ మనమెఱిగినదే. ఇక్కడ ఎవరు ఏ పంక్తిని ఎన్నడు మార్చిరో పట్టికలు నిలిచియుండును. 2005లో టోర్వాల్డ్స్ నిర్మించిన గిట్ అను పరికరము ఈ పనికే పుట్టినది.

ప్రారంభకులు ఉబుంటును గాని లినక్స్ మింట్‌ను గాని గ్రహించుట మేలని మా సలహా. ఉబుంటు కూర్పుల సంఖ్యలో సంవత్సరమును నెలయు నుండును. 24.04 అనగా 2024 ఏప్రిలు నాటిది. సరిసంఖ్య గల సంవత్సరముల ఏప్రిలులో వచ్చు దీర్ఘకాలిక కూర్పులకు అయిదేండ్లు భద్రతా సవరణలు లభించును. పరిశోధన మధ్యలో వ్యవస్థను మార్చుకొను బాధ లేకుండుటకు వీనినే ఎన్నుకొనవలెను.

ప్రవేశ క్రమము

మొదట స్థాపింపక పరీక్షించుట ఈ వ్యవస్థలోని గొప్ప సౌకర్యము. ఎన్నుకొన్న కూర్పు యొక్క ప్రతిబింబ ఫైలును దాని అధికారిక స్థానమునుండియే దిగుమతి చేసికొనవలెను. ఫైలుతోబాటు దాని సరిచూపు సంఖ్య యొకటి ప్రకటింపబడి యుండును. దిగిన ఫైలునుండి అదే సంఖ్య వచ్చినచో అది చెడక చేరినదని అర్థము. పిదప ఆ ఫైలును ఒక పెన్‌డ్రైవునకు ఎక్కింపవలెను. ఊరక నకలు చేసిన చాలదు. ఈ పనికై రూఫస్, బలేనా ఎచ్చర్ వంటి ప్రోగ్రాములున్నవి. 16 గిగాబైట్ల పెన్‌డ్రైవు చాలును. అందు అంతకుముందున్నదంతయు తుడిచిపెట్టుకొని పోవునని మఱవరాదు.

ఆ పెన్‌డ్రైవును పెట్టి యంత్రమును మరల ప్రారంభించుచు, ఎందునుండి మొదలుకావలెనో అడుగు పట్టికను పిలువవలెను. కొన్ని యంత్రములలో ఎఫ్12, కొన్నింట ఎఫ్2, మఱికొన్నింట ఎస్కేప్ మీట ఇందుకు నిర్ణయింపబడి యున్నవి. అప్పుడు కనబడు తెఱలో స్థాపింపక పరీక్షించు మార్గము నెన్నుకొన్నచో వ్యవస్థ పెన్‌డ్రైవునుండియే నడుచును. యంత్రమందలి డిస్కునకు మార్పు కలుగదు. ఈ స్థితిలో వైఫై కుదురుచున్నదా, శబ్దము వినబడుచున్నదా, ప్రింటరు పలుకుచున్నదా, తెలుగు సరిగా కనబడుచున్నదా యని ఒకపూట పరీక్షింపవలెను. కుదురనిచో పెన్‌డ్రైవు తీసి యంత్రమును మరల నడిపిన పూర్వపు వ్యవస్థయే వచ్చును.

పరీక్ష తృప్తికరమైనచో స్థాపనకు పూనుకొనవచ్చును. దానికి ముందు చేయవలసినది యొకటే; దానిని రెండుమార్లు చేయవలెను. డిస్కుమీది వ్రాతలన్నింటిని వేఱొక డిస్కునకు నకలు తీయవలెను. తీసిన నకలును తెఱచి చూచి సరిపోల్చుకొనవలెను. విండోస్ గల యంత్రమున బిట్‌లాకర్ అను గూఢలేఖనము అమలులో నున్నచో దాని పునరుద్ధరణ సంఖ్యను ముందుగా కాగితముమీద వ్రాసికొనవలెను. లేనిచో తన డిస్కునకు తానే పరాయివాడగు ప్రమాదము కలదు.

స్థాపకుడు అడుగు ప్రశ్నలలో డిస్కును గుఱించినది ముఖ్యము. డిస్కునంతయు తుడిచి స్థాపించుట యొక మార్గము. విండోస్ ప్రక్కనే స్థాపించి, యంత్రము మొదలగునపుడు రెండింటిలో నొకదాని నెన్నుకొనుట రెండవ మార్గము. క్రొత్తవారికి రెండవదియే క్షేమము. ఉబుంటు 24.04 కూర్పునకు 4 గిగాబైట్ల స్మృతియు డిస్కుపై 25 గిగాబైట్ల చోటును కనీసముగా నుండవలెను. అంతకంటె బలహీనమైన యంత్రములకు లుబుంటు, జుబుంటు అను తేలిక కూర్పులున్నవి. విండోస్ 10 వ్యవస్థకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పై కూర్పునకు తగవని ప్రక్కన బెట్టిన శాఖాయంత్రములలో పెక్కింటికి లినక్స్ మరల పని కల్పింపగలదు.

స్థాపన ముగిసిన పిదప మొదటి పని సవరణలను తెచ్చుకొనుట. రెండవది వలసిన ప్రోగ్రాములను చేర్చుకొనుట. వీనిని ఎక్కడెక్కడనో వెదకనక్కఱలేదు. ప్రతి కూర్పునకు పరీక్షితములగు ప్రోగ్రాముల భాండారముండును. దానినుండియే తీసికొనవలెను. వ్యవస్థను మార్చు పనులకు మాత్రమే సంకేతపదము నడుగును. అడిగినపుడెల్ల ఏల యడుగుచున్నదో ఆలోచించి యీయవలెను. ఇంగ్లీషు ఫైలుపేళ్ళలో పెద్ద బడి, చిన్న బడి అక్షరములు ఇక్కడ భిన్నములుగా లెక్కింపబడునని గుర్తుంచుకొనవలెను.

తెలుగు వ్రాత

తెలుగు వ్రాయుటకు క్రొత్త ఫాంటు కొననక్కఱలేదు. సెట్టింగులలో కీబోర్డు భాగమున తెలుగును చేర్చినచో ఇన్‌స్క్రిప్ట్ మీటల వరుస వచ్చును. 1991 నాటి ఇస్కీ ప్రమాణముతో చేరినదగు ఈ వరుసలో అచ్చులు ఎడమచేతికిని, హల్లులు చాలవఱకు కుడిచేతికిని వచ్చును. క్రమము భారతీయ భాషలలో పెక్కింటికి ఒకటే యగుటచే కన్నడము గాని హిందీ గాని వ్రాయవలసిన తులనాత్మక పరిశోధకునకు మరల నేర్చుకొను పని తప్పును. ఇంగ్లీషు మీటలతో ధ్వనిననుసరించి వ్రాయ నలవాటుపడినవారికి ఐబస్ అను పరికరముద్వారా ఆర్.టి.ఎస్. పద్ధతి లభించును. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయము పేరిట ప్రసిద్ధమైన ఈ పద్ధతి ప్రవాసాంధ్రులు తమలో తాము తెలుగున వ్రాసికొనుటకు కల్పించుకొన్నది. తిరుమల కృష్ణదేశికాచార్యులు రూపొందించి స్వేచ్ఛా లైసెన్సుతో నిచ్చిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్ భాండారమున నున్నవి.

ఇక అక్షరముల లోపలి యేర్పాటును తెలిసికొనవలెను. 1991 నుండి తెలుగునకు యూనికోడ్‌లో 3072 మొదలు 3199 వఱకు నూట ఇరువదియెనిమిది స్థానములు నిర్ణయింపబడినవి. క యొక్క సంఖ్య 3093. అరసున్న సంఖ్య 3073. ఫాంటు మాఱినను ఈ సంఖ్యలు మాఱవు. ఒత్తులకు వేఱుగా సంఖ్యలు లేవు. హల్లునకు పొల్లు చేర్చి మఱొక హల్లును వ్రాసినచో వానిని సంయుక్తాక్షరముగా కూర్చి చూపుట వేఱొక ప్రోగ్రాము పని. లినక్స్‌లో ఆ పని చేయు హార్ఫ్‌బజ్ కూడ స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. దాని పేరునకు పారసీకమున తెఱచిన అక్షరమని అర్థము. దంత్య చ, జలకు (ౘ, ౙ) 2008లోను, ప్రాచీన శాసనములలో కనబడు ఴకారమునకు 2014లోను స్థానములు లభించినవి. కావున చోఴ శబ్దమును శాసనమున నున్నట్లే వ్రాసి నిలుపుట నేడు సాధ్యము.

పరిశోధనోపకరణములు

వ్యాసములను వ్రాయుటకు లిబ్రె ఆఫీసు చాలును. దాని సహజరూపమగు ఓపెన్ డాక్యుమెంట్ 2006లో అంతర్జాతీయ ప్రమాణమైనది. అచ్చుపుస్తకముల పుటలనుండి పాఠమును గ్రహించుటకు టెసరాక్ట్ కలదు. 1985 నుండి హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థలో నిర్మాణమై 2005లో స్వేచ్ఛగా విడుదలైన ఈ పరికరమునకు తెలుగు చదువుట నేర్పబడినది. అరిగిన టైపు గల పాత ముద్రణలలో అది తప్పులు చేయును. దాని పాఠమును మూలముతో సరిచూడక వాడరాదు.

తెలుగు పరిశోధకునకు అంతకంటె విలువైనవి యూనిక్స్ నాటినుండి వచ్చుచున్న చిన్న పనిముట్లు. వానిని టెర్మినల్ అను కిటికీలో ఆజ్ఞలు వ్రాసి నడుపుదురు. గ్రెప్ వెదకును, సార్ట్ వరుసపఱచును, యునిక్ పునరుక్తులను లెక్కించును. ఒకదాని ఫలితమును మఱొకదానికి అందించుటకు నడుమ నిలువుగీత వ్రాసిన చాలును. ఒక కావ్యపాఠమును పంక్తికొక పదముగా విడదీసి, వరుసపఱచి, లెక్కించి, ఆ లెక్కను బట్టి మరల వరుసపఱచినచో ఆ కావ్యమందలి పదముల ఆవృత్తి పట్టిక వచ్చును. చీటీలమీద మాసములు పట్టిన పని ఇది. మఱియు, మరియు అను రెండు వ్రాతలను ఒక్కమాఱే వెదకవలెనన్నచో మకారము పిదప చదరపు కుండలీకరణములలో ర, ఱలను వ్రాసి, గుడియు, ‘యు’యు చేర్చిన చాలును.

అయినను పనిముట్టు చెప్పిన లెక్కను శాస్త్రమునకు సరిచూచుకొనుట పరిశోధకుని ధర్మము. మూడు ఉదాహరణములు చాలును. లక్ష్మి యను పదమున మనము రెండక్షరములను లెక్కింతుము. యంత్రము ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి యని ఏడు లెక్కించును. ఛందస్సుపై పని చేయువాడు దీని నెఱుగనిచో లెక్కలన్నియు తప్పును. రెండవది వర్ణక్రమము. సంఖ్యల క్రమమున ఱకారము రకారము ప్రక్కను, ళకారము లకారము ప్రక్కను ఉన్నవి. మన వర్ణమాలలో ళ, ఱలు హకారమునకు తరువాతివి. కేవల సంఖ్యాక్రమమున కూర్చిన సూచి మన నిఘంటుక్రమమునకు సరిపడదు. మూడవది కంటికి కనబడని చిహ్నము. సాఫ్ట్‌వేరు వంటి మాటలలో పొల్లు పిదప ఒత్తు ఏర్పడకుండ నిలుపుటకు అదృశ్య చిహ్న మొకటి వాడుదురు. అది యున్న పదమును లేని పదమును వెదకులాటలో వేఱగును.

స్వేచ్ఛావ్యవస్థ ప్రయోజనము ఇచ్చటనే తేటపడును. తెలుగునకు సంబంధించిన వరుస నియమములు, తేదీల రూపములు, వారముల పేళ్ళు వ్యవస్థలో మామూలు పాఠముగా వ్రాసిన ఫైళ్ళలో నున్నవి. వానిని తెఱచి చదువవచ్చును. తప్పైనచో సవరించి తన సూచికి వాడుకొనవచ్చును. ఆ సవరణను అందఱి ఉపయోగమునకై నిర్మాతలకు పంపవచ్చును. తెలుగు పదముల వరుసను ఏ నియమము నిర్ణయించుచున్నదో తెలుగు శాఖకు తెలియకుండుట తగునా? మూసిన వ్యవస్థలో ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకే తావు లేదు.

పాత సూచి

మా పదసూచి విషయమున జరిగినదిది. పాత ఫైలును లిబ్రె ఆఫీసు తెఱచి, అందున్న గుర్తులను శుద్ధపాఠముగా నిచ్చినది. ఆ ఫాంటులో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు మొదలగు ముక్కలకు వేఱువేఱు ఇంగ్లీషు స్థానములు కేటాయింపబడియుండెను. ఏ గుర్తు ఏ ముక్కయో తెలియుటకు ఆధారమేది? వ్యాసాధ్యాయముల ఫైళ్ళును అదే సి.డి.లో నుండెను, వాని ముద్రిత ప్రతి గ్రంథాలయమున నుండెను. రెండింటిని ప్రక్కప్రక్కన బెట్టి, ద్విభాషా శాసనమును చదివినట్లు గుర్తుల పట్టికను తయారుచేసితిమి. క్రావడి కొన్నిచోట్ల హల్లునకు ముందే వ్రాయబడి యుండుటచే ముక్కల వరుసను గూడ సరిదిద్దవలసి వచ్చినది. పట్టిక సిద్ధమైన పిదప సెడ్ అను పనిముట్టు గుర్తులను యూనికోడ్ అక్షరములుగా మార్చినది. సూచి తిరిగి చేతికి వచ్చినది.

అంతయు రాలేదు. ఆ ఫాంటులో అరసున్న లేదు. ముద్రిత ప్రతులలో అరసున్నలను మేము సిరాతో చేర్చితిమి. ముద్రింపని సూచిలో ఆ పని జరుగలేదు. ఏ పదమునకు అరసున్న యుండవలెనో మూలగ్రంథములను మరల చూచిగాని చెప్ప వీలులేదు. లేని అక్షరమును ఏ పనిముట్టును ఊహించి యీయజాలదు.

పరిమితులు

ఈ వ్యవస్థయందు ఇబ్బందులు లేవని మేము చెప్పుటలేదు. టెర్మినల్ కిటికీలో ఒత్తులు తఱచుగా చెదరి కనబడును. ఫలితమును ఫైలులోనికి మళ్ళించి వేఱొక కిటికీలో చదువుట దీనికి ఉపాయము. కొన్ని స్కానర్లకును ప్రింటర్లకును తగిన చోదక ప్రోగ్రాములుండవు. ముద్రణశాలలు పలుచోట్ల పాత ఫాంట్లతోడనే పని చేయుచున్నవి. ఆ ప్రోగ్రాములు లినక్స్‌పై నేరుగా నడువవు. తెఱమీది మాటల తెలుగు అనువాదము అసంపూర్ణముగా నున్నది. హైదరాబాదు కేంద్రముగా స్వేచ్ఛ యను సంస్థ ఈ దిశను కృషి చేయుచున్నది. పరిభాషను కల్పించుట తెలుగు శాఖల పని యగుటచే ఈ కొఱత తీర్చు భారములో మనకును పాలున్నది.

ఇప్పుడే ఆరంభింపదలచిన విద్యార్థికి మేము చెప్పునది యింతే. ఈ వారము పెన్‌డ్రైవుమీద పరీక్షింపుడు. వచ్చు మాసమున పాత వ్యవస్థ ప్రక్కన స్థాపింపుడు. మీరు పరిశోధించు గ్రంథములోని ఒక ఆశ్వాసమును యూనికోడ్‌లో శుద్ధపాఠముగా, అరసున్న, శకటరేఫములు విడువక వ్రాసి నిలుపుడు. ఆ యొక్క ఫైలుపై గ్రెప్, సార్ట్‌లను నేర్చుకొనుడు. పర్యవేక్షకులు సిద్ధాంతవ్యాసముతోబాటు దాని యూనికోడ్ పాఠమును గూడ సమర్పింపుమని కోరుట మేలు. అట్లు సమర్పించిన పాఠమును మఱి యిరువది యేండ్లకు, నేటి ప్రోగ్రాములలో నొక్కటియు మిగులకున్నను, చదువ వీలగును. మేము మా సూచిలో పోయిన అరసున్నలను మూలములతో సరిచూచి ఒక్కొక్కటిగా చేర్చుచున్నాము. ఇప్పటికి కకారాది పదములు ముగిసినవి.